తల్లిలేని ఎలుక పిల్లల పెంపకం

తల్లి చనిపోయినా, పాలు ఎండిపోయినా, పిల్లల్ని దగ్గరికి రానీయకపోయినా, ఇంకా పాలు మానని ఎలుక పిల్లల్ని మనుషులు చేతుల మీద సాకి మేత తినే వయసుకు తీసుకురావడాన్ని తల్లిలేని ఎలుక పిల్లల పెంపకం అంటారు. ఎలుకల్ని ముద్దుగా పెంచుకునే ఇళ్లలోనూ, పశువైద్యశాలల్లోనూ, ప్రయోగశాలల్లోనూ ఈ అవసరం ఎదురవుతుంది. పుట్టినప్పుడు ఎలుక పిల్ల బరువు 5 నుంచి 7 గ్రాములు. కళ్లు మూసుకుని ఉంటాయి, చెవులు తలకు అతుక్కుని ఉంటాయి, ఒంటి మీద వెంట్రుక ఉండదు. సొంతంగా ఒంటి వేడి నిలుపుకోలేదు, మూత్రం పోయడం కూడా దానికి చేతకాదు. 21 రోజులు తిరిగేసరికి అదే పిల్ల పరుగులు పెడుతూ గింజలు కొరుకుతుంది. ఈ మూడు వారాల్లో తల్లి చేసే పనులన్నీ సాకేవారి మీద పడతాయి. పాలు పట్టడం వాటిలో ఒకటి మాత్రమే. వెచ్చదనం, నాలుక స్పర్శ, తోబుట్టువుల ఒరిపిడి, తిండి నేర్పే పెద్ద తోడు కూడా కావాలి. ఇవి లేకుండా పెరిగిన పిల్ల బతకడం కష్టం. బతికినా, తోటి ఎలుకల మధ్య మెలగడం దానికి తెలియదు.

పెంపుడు ఎలుక

పెంచుకునే ఎలుకలన్నీ గోధుమ ఎలుక సంతతివే. దీని శాస్త్రీయ నామం రాటస్ నార్వెజికస్. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు గానీ, ఈ జాతి పుట్టిల్లు నార్వే కాదు, ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతాలు. జపాన్‌లో ఎలుకల్ని ముచ్చటగా పెంచుకోవడం 18వ శతాబ్దంలోనే ఉంది. 1775లో అక్కడ ఎలుకల పెంపకం మీద ‘యోసో తమా నో కకేహషి’ అనే పుస్తకం వెలువడింది. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో ఎలుకలు పట్టడమే వృత్తిగా బతికిన జాక్ బ్లాక్, రంగు తేడాగా కనిపించిన వాటిని చంపకుండా ఉంచి, పిల్లలు పెట్టించి అమ్మేవాడు. హెన్రీ మేహ్యూ 1851 నాటి తన గ్రంథంలో అతని సంగతులు రాశాడు. 1901లో మేరీ డగ్లస్ అనే మహిళ కోరికపై అక్కడి చిట్టెలుకల సంఘం తన ప్రదర్శనల్లో పెద్ద ఎలుకలకూ చోటిచ్చింది. 1976లో ఎలుకల కోసమే ప్రత్యేకంగా నేషనల్ ఫ్యాన్సీ ర్యాట్ సొసైటీ ఏర్పడింది.

ప్రయోగశాల ఎలుకలదీ ఇదే జాతి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ 1906లో తెల్ల ఎలుకల పెంపకం మొదలుపెట్టింది. కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ విస్టార్ సంతతిని తరతరాలుగా పెంచుతోంది. ఆ వంశానికి సంస్థ పేరు కలిపి డబ్ల్యూఎన్ఐఎన్ ఎలుకలు అంటారు. ఎలుక పిల్లల ఎదుగుదల గురించి ఇంత సూక్ష్మంగా తెలియడానికి కారణం ఇలాంటి ప్రయోగశాలలే. ఇంట్లో ఒక అనాథ పిల్లను బతికించే పద్ధతుల్లో చాలా భాగం ఆ జ్ఞానం నుంచి వచ్చినవే.

గూటిలో తల్లి చేసే పని

ఆడ ఎలుక 21 నుంచి 23 రోజులు చూలుతో ఉంటుంది. ఒక ఈతకు మామూలుగా 8 నుంచి 12 పిల్లలు పుడతాయి. తల్లికి చనుమొనలు 12. పుట్టిన పిల్ల చనుమొనను చూసి కాదు, వాసన పట్టి వెతుక్కుంటుంది. మార్టిన్ టీషర్, ఎలియట్ బ్లాస్ 1970లలో చేసిన ప్రయోగాల్లో, తల్లి చనుమొనల్ని శుభ్రంగా కడిగేస్తే పిల్లలు వాటిని పట్టలేకపోయాయి. ఉమ్మనీటి వాసన తిరిగి పూస్తే పట్టాయి. ప్లాస్టిక్ గొట్టాన్ని పిల్ల ఎందుకు చప్పరించదో దీన్నిబట్టి అర్థమవుతుంది. దానికి అందులో తల్లి లేదు.

పిల్లలు రోజులో ఎక్కువ భాగం చనుమొనలు పట్టుకునే ఉంటాయి. తల్లి నిద్రలోకి జారినప్పుడు కొన్ని నిమిషాలకొకసారి పాలు చేపుతుంది. అంటే కొద్దికొద్దిగా, మాటిమాటికీ తాగే అలవాటు వాటిది. ఆ పాలతోపాటు రోగాలను అడ్డుకునే ప్రతిరక్షకాలు కూడా వస్తాయి. ఎలుక పిల్ల పేగు సుమారు మూడు వారాల దాకా వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి పీల్చుకుంటుంది. పోతపాలలో ఈ రక్షణ ఉండదు. అందుకే చేతిపెంపకంలో శుభ్రత ప్రాణంతో సమానం.

తల్లి పిల్లల్ని వెల్లకిలా తిప్పి పొట్ట కింది భాగాన్ని నాకుతుంది. ఆ స్పర్శ తగిలితేనే పిల్ల మూత్రం, మలం విడుస్తుంది. తల్లి ఆ మూత్రం తాగి, పాల రూపంలో పోయిన నీటిలో చాలా భాగాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. పిల్ల గూటి నుంచి జారి చల్లబడితే సుమారు 40 కిలోహెర్ట్జ్ ధ్వనితో పిలుస్తుంది. తల్లి పరుగున వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు. కాబట్టి ఈ పెంపకంలో మొదట గుర్తుంచుకోవలసింది ఇది: పిల్ల ఏడుస్తున్నా మనకు వినబడదు. దాని ఆకలి, చలి కళ్లతో చూసి, చేత్తో తాకి, గడియారం చూసి తెలుసుకోవాలి.

స్పర్శ ఎంత ముఖ్యమో చెప్పిన పరిశోధనలు

తల్లికి దూరమైన ఎలుక పిల్లల్లో ఎదుగుదల హార్మోను పడిపోతుందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సాల్ షాన్‌బర్గ్ బృందం గమనించింది. వెచ్చదనం ఇచ్చినా అది కోలుకోలేదు. తడి కుంచెతో, తల్లి నాకినట్టుగా, కాస్త గట్టిగా నిమిరినప్పుడు తిరిగి పెరిగింది. ఈ ఫలితమే నెలలు నిండకుండా పుట్టిన మనిషి బిడ్డల దాకా వెళ్లింది. 1986లో టిఫనీ ఫీల్డ్ బృందం, షాన్‌బర్గ్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, రోజూ ఒళ్లు మర్దనా చేసిన నెలతక్కువ పిల్లలు మిగతా వారికంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ మీనీ బృందం, తల్లులు ఎక్కువగా నాకిన పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడిని మెరుగ్గా తట్టుకుంటాయని 1997లో చూపింది. ఒక ఎలుక పిల్లను కుంచెతో నిమరడం ముద్దు కోసం చేసే పని కాదు. పాలు ఒంటబట్టడానికి అది అవసరం.

వయసు గుర్తించడం

ఎంత తరచుగా పాలు పట్టాలి, ఎంత వేడి కావాలి అన్నవి వయసును బట్టి ఉంటాయి. పిల్లను చూసి వయసు చెప్పడం కష్టమేమీ కాదు.

మొదటి రెండు రోజుల్లో ఒళ్లు ఎర్రగా, చర్మం పలచగా ఉంటుంది. చెవి దొప్పలు 3వ, 4వ రోజున విడివడతాయి. నల్లని, బూడిదరంగు పిల్లలకు ఈ దశలోనే చర్మం కింద రంగు కమ్ముతుంది. వారం తిరిగేసరికి నూగు కనబడుతుంది. 8 నుంచి 10 రోజుల మధ్య ముందుపళ్లు బయటికొస్తాయి. ఆ రోజుల్లోనే ఆడపిల్లలకు పొట్ట మీద చనుమొనలు చుక్కల్లా తెలుస్తాయి. 12వ రోజు ప్రాంతంలో చెవి రంధ్రాలు, 14, 15 రోజులకు కళ్లు తెరుచుకుంటాయి. 16, 17 రోజులకు ఏది దొరికినా కొరికి చూస్తాయి.

తొలి రోజుల్లో చర్మం ఎంత పలచన అంటే, తాగిన పాలు పొట్ట ఎడమ పక్కన తెల్లని పట్టీలా బయటికి కనబడతాయి. ఎలుకల్ని పెంచేవారు దీన్ని పాలపట్టీ అంటారు. ఏడుపు వినబడని లోటును తీర్చే గుర్తు ఇదే. పట్టీ నిండుగా కనబడితే పిల్ల తాగినట్టు. మాయమైతే ఆకలితో ఉన్నట్టు. తల్లి బతికే ఉండి గూడు విడిచి తిరుగుతుంటే తొందరపడి పిల్లల్ని తీయకూడదు. పాలపట్టీ కనబడుతూ, పిల్లలు గులాబీ రంగులో వెచ్చగా ఉంటే తల్లి చూసుకుంటున్నట్టే.

దాది ఎలుక

తల్లి లేనప్పుడు మనిషికంటే మెరుగైన దారి ఇంకో బాలింత ఎలుక. పాలిచ్చే ఎలుకలు పరాయి పిల్లల్ని సులువుగానే చేరదీస్తాయి. జే రోసెన్‌బ్లాట్ 1967లో ఇంకా విచిత్రమైన విషయం చూపాడు. ఎన్నడూ ఈనని ఆడ ఎలుకలు కూడా, పిల్లలతో వారం రోజుల లోపు కలిసి ఉంటే చాలు, వాటిని గూటికి చేర్చడం, నాకడం మొదలుపెడతాయి. వాటికి పాలు రావు, కానీ వెచ్చదనం, నాలుక ఇవ్వగలవు.

దాది సొంత పిల్లలకూ అనాథలకూ వయసు తేడా నాలుగైదు రోజులు మించకపోవడం మంచిది. పెద్ద పిల్లలు చిన్నవాటిని చనుమొన దగ్గరికి చేరనివ్వవు. దాదిని కాసేపు పక్కకు తీసి, దాని గూటిలోని గడ్డీ కాగితం ముక్కలతో అనాథ పిల్లల ఒళ్లు మెల్లగా రుద్ది, దాని పిల్లల మధ్యలో కలిపి, వెచ్చబడ్డాక తల్లిని వదలాలి. మొదటి గంట దగ్గరుండి చూడాలి. పిల్లల్ని నాకి, కిందికి చేర్చుకుని పడుకుంటే కుదిరినట్టే. చుట్టుపక్కల ఎలుకల్ని పెంచేవారు ఎవరైనా ఉన్నారా అని ముందే కనుక్కోవడం, పాలసీసా వెతకడంకంటే ముందు చేయవలసిన పని.

వెచ్చదనం

చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదు. చల్లని ఒంట్లో పేగు కదలదు, పాలు పొట్టలోనే పులిసిపోతాయి. ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే పాలు. పిల్లను అరచేతుల మధ్య పెట్టుకుని గాని, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గాని మెల్లగా వెచ్చబరచాలి. మంట దగ్గరా, హీటర్ ముందూ పెడితే చర్మం ఎండిపోతుంది.

మొదటి వారంలో గూటిలోపల 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. నూగు దట్టమయ్యాక మెల్లమెల్లగా తగ్గిస్తూ, మూడో వారానికి మామూలు గది వేడికి తేవచ్చు. చిన్న పెట్టెలో సగభాగం కిందనే వేడి దుప్పటి గానీ, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా గానీ ఉంచాలి. రెండో సగం చల్లగా ఉంటే పిల్ల తనకు కావలసిన చోటికి పాకుతుంది. పరుపుగా మెత్తని టిష్యూ కాగితం ముక్కలు, పోగులు లేవని గుడ్డ వాడాలి. తువ్వాలు దారాలు కాలికి చుట్టుకుంటే రక్తం ఆగి కాలు పోతుంది. పిల్లలన్నీ ఒకే గూటిలో కలిసి ఉండాలి. జెఫ్రీ ఆల్బర్ట్స్ 1978లో వివరించినట్టు, ఎలుక పిల్లల కుప్ప తనను తాను సర్దుకునే ఒక పొయ్యి లాంటిది. చలి వేస్తే దగ్గరగా ముడుచుకుంటాయి, ఉక్కపోస్తే విడివడతాయి, పైవి కిందికీ కిందివి పైకీ మారుతుంటాయి. ఒంటరి పిల్లకు ఆ కుప్ప ఉండదు కాబట్టి దాన్ని మరింత కనిపెట్టి ఉండాలి.

పోతపాలు

ఎలుక పాలు చిక్కనివి. అందులో కొవ్వు సుమారు 10 నుంచి 15 శాతం, మాంసకృత్తులు 8 నుంచి 10 శాతం, పాల చక్కెర 3 శాతం దాకా ఉంటాయి. ఆవు పాలలో కొవ్వు 4 శాతానికి, మాంసకృత్తులు 3 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటే, చక్కెర 5 శాతానికి దగ్గరగా ఉంటుంది. అంటే ఆవు పాలు పడితే కావలసినవి తక్కువా, విరేచనాలు తెచ్చేది ఎక్కువా అవుతాయి. పిల్లికూనల కోసం, కుక్కపిల్లల కోసం దొరికే పాలపొడులు ఎలుక పాలకు కొంత దగ్గర. పసిపిల్లలకు వాడే సోయా పాలపొడితో కూడా చాలామంది ఎలుక పిల్లల్ని బతికించారు.

ఎండిపోయిన పిల్లకు మొదటి ఒకటి రెండు విడతలు ఓఆర్ఎస్ నీళ్లు గోరువెచ్చగా పట్టి, ఆ తర్వాత పలచని పాలు, క్రమంగా చిక్కని పాలు ఇవ్వాలి. చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా ముడత నిలబడితే నీరు తగ్గినట్టు. కలిపిన పాలు ఫ్రిజ్‌లో ఒక రోజు మించి ఉంచకూడదు. ఒకసారి వెచ్చజేసి మిగిలినవి పారబోయాలి.

ఒక విడతకు పట్టే పాలు పిల్ల బరువులో 20వ వంతు మించకూడదు. 6 గ్రాముల పిల్లకు అది 0.3 మిల్లీలీటర్లు, సుమారు ఆరు చుక్కలు. మొదటి వారం రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి, రెండో వారం మూడు నాలుగు గంటలకొకసారి, మూడో వారం నాలుగైదు గంటలకొకసారి పట్టాలి. మొదటి వారంలో రోజుకు 12 విడతలు. నాలుగు పిల్లలుంటే ఒక విడత ముగిసేసరికి రెండో విడతకు వేళవుతుంది. ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకుని చేయవలసిన పని ఇది.

పట్టే తీరు

చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకోవాలి. పిల్లను మెత్తని గుడ్డలో చుట్టి, ముందుకాళ్లు వేలి మీద ఆనేలా, తల కాస్త పైకి ఉండేలా ఎడమ చేతిలో కూర్చోబెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తొలి రోజుల్లో బొమ్మలు వేసే సన్నని కుంచె అన్నిటికంటే నమ్మకమైనది. కుంచె కొనను గోరువెచ్చని పాలలో ముంచి పెదవులకు ఆనిస్తే పిల్ల నాలుక చాపి నాకుతుంది. నాకిన ప్రతిసారీ గొంతు కింద చర్మం చిన్నగా కదులుతుంది. ఆ కదలిక చూశాకే రెండో చుక్క ఇవ్వాలి. ఐదారు రోజులు దాటాక సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజికి సన్నని మెత్తని గొట్టం తొడిగి, చుక్క చుక్కగా పెదవి అంచున పెట్టవచ్చు. ఎట్టి పరిస్థితిలోనూ నోట్లోకి పిచికారీ చేయకూడదు.

ముక్కులోంచి పాల బుడగ వచ్చిందంటే చుక్క పెద్దదైంది. వెంటనే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడిచి, పిల్ల ఊపిరి సర్దుకునేదాకా ఆగాలి. పిల్ల తల పక్కకు తిప్పుకుంటే కడుపు నిండినట్టు. ఆ మాట వినాలి. బలవంతంగా పట్టిన చివరి రెండు చుక్కలే చాలా పిల్లల ప్రాణం తీస్తాయి.

పాలకు ముందూ తర్వాతా గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో పొట్ట మీది నుంచి తోక వైపు మెల్లగా, వరసగా నిమరాలి. అర నిమిషంలో లేత పసుపు రంగు మూత్రం చుక్క వస్తుంది. పోతపాలు తాగే పిల్లల మలం ఆవపిండి రంగులో, కాస్త మెత్తగా ఉంటుంది. కళ్లు తెరిచి సొంతంగా విడవడం మొదలయ్యే దాకా ఏ ఒక్క విడతలోనూ ఇది మానకూడదు. చివరగా తడి కుంచెతో తల నుంచి తోక దాకా ఒళ్లంతా నిమిరి, పొడిగా తుడిచి, గూటిలో తోబుట్టువుల మధ్య పెట్టాలి. పాలు అంటుకుని ఎండిన చోట చర్మం పుండు పడుతుంది.

ప్రమాద సంకేతాలు

రోజూ ఒకే వేళకు బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద బరువు చూసి రాసుకోవాలి. తల్లి దగ్గర పెరిగే పిల్ల వారం తిరిగేసరికి పుట్టిన బరువుకు రెట్టింపు దాటుతుంది. చేతి మీద పెరిగే పిల్ల అంత వేగంగా పెరగదు గానీ, రోజూ కొంతైనా పెరగాలి. ఒక రోజంతా బరువు కదలకపోతే వేడి, పాల చిక్కదనం, విడతల మధ్య గడువు మళ్లీ సరిచూడాలి.

ఊపిరి తీస్తున్నప్పుడు టిక్కు టిక్కుమనే చప్పుడు, నోరు తెరిచి శ్వాసించడం, ఒళ్లు నీలిరంగుకు తిరగడం పాలు ఊపిరితిత్తుల్లో చేరాయనడానికి గుర్తులు. పొట్ట బిగిసి మెరుస్తుంటే గ్యాస్ చేరింది. పాలు ఆపి, గోరువెచ్చని నీటిలో మెడ దాకా ఉంచి పొట్ట మెల్లగా నిమరాలి. ఎలుకలకు వాంతి చేసుకునే వీలు లేదు, లోపలికి పోయింది కిందికే పోవాలి. విరేచనాలు పట్టుకుంటే పాలు పలచన చేసి ఓఆర్ఎస్ కలపాలి. వీటిలో ఏది కనబడినా పశువైద్యుణ్ని సంప్రదించాలి. యాంటీబయాటిక్ మోతాదు గ్రాముల బరువును బట్టి లెక్కగట్టేది, ఇంట్లో అంచనాతో వేసేది కాదు.

వారం లోపు వయసున్న పిల్లలు ఎంత శ్రద్ధ పెట్టినా చాలాసార్లు దక్కవు. కళ్లు తెరిచే వయసుకు అనాథలైనవి ఎక్కువగా బతుకుతాయి. పోయిన పిల్లను చూసి సాకినవారు తమను తాము నిందించుకోనక్కర్లేదు. ఊపిరాడక బాధపడుతూ కోలుకోలేని పిల్లకు పశువైద్యుడి చేత నొప్పిలేని ముగింపు ఇప్పించడం కూడా సంరక్షణలో భాగమే.

పాలు మాన్పించడం

కళ్లు తెరిచిన రెండు మూడు రోజులకు పోతపాలతోపాటు గట్టి ఆహారం రుచి చూపవచ్చు. పాలలో నానబెట్టి మెత్తగా మెదిపిన ఎలుకల గుళికల మేత దీనికి అన్నిటికంటే మేలు. పసిపిల్లలకు పెట్టే పలచని ఉగ్గు, మెత్తగా ఉడికిన అన్నం, చిదిమిన ఉడికించిన గుడ్డు కూడా కొద్దికొద్దిగా పెట్టవచ్చు. పాత్ర సీసా మూతంత లోతు మించకూడదు, పిల్ల అందులో పడి తడిసి చల్లబడుతుంది. మొదటి రోజుల్లో అవి తినేదానికంటే తొక్కేదే ఎక్కువ. తిన్నాక ఒళ్లు తుడవాలి. 17వ రోజు నుంచి నీటి సీసా గొట్టాన్ని పిల్ల ఎత్తుకు అందేలా పెట్టాలి.

తల్లి దగ్గరున్న పిల్లలు 21 నుంచి 28 రోజుల మధ్య పాలు మానేస్తాయి. పోతపాలతో పెరిగినవి కొంచెం వెనకబడి ఉంటాయి కాబట్టి రోజులు లెక్కబెట్టి కాకుండా బరువు చూసి మాన్పించాలి. మేత తినడం పెరిగిన కొద్దీ విడతలు తగ్గించి, రాత్రి పాలు చివరగా మాన్పాలి. బరువు తగ్గితే మళ్లీ ఒక విడత కలపాలి.

తిండి నేర్చుకోవడం ఎలుకకు చదువు లాంటిది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో బెన్నెట్ గాలెఫ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల్లో, పిల్ల ఎలుకలు పెద్దవి తినే చోటికే వెళ్లి తింటాయని, తల్లి తిన్న ఆహారపు రుచిని పాల ద్వారానే గుర్తుపడతాయని తేలింది. తోటి ఎలుక ఊపిరిలోని తిండి వాసన చూసి, అది తినదగినదేనని నమ్ముతాయని ఆయన, స్టీఫెన్ విగ్‌మోర్ 1983లో చూపారు. తల్లి మలంలోని వాసన ఈ వయసు పిల్లల్ని ఆకర్షిస్తుందని మైకేల్ లియోన్, హోవార్డ్ మోల్ట్జ్ 1970ల తొలినాళ్లలో కనుగొన్నారు. ఆ మలాన్ని కాస్త తిని పిల్లలు పేగుకు కావలసిన మేలు సూక్ష్మజీవుల్ని పొందుతాయి. అందుకే అనాథల మేతలో ఆరోగ్యమైన పెద్ద ఎలుక పెంటికలు ఒకటి రెండు కలపమని అనుభవజ్ఞులు చెబుతారు. మనకు రోత అనిపించేదే పిల్లకు మందు.

తోడు, ఆట, మచ్చిక

చేతుల మీద పెరిగిన ఒంటరి పిల్ల మనిషికి బాగా మచ్చిక అవుతుంది. ఆ మచ్చికను చూసి ఇంకో ఎలుక అక్కర్లేదనుకోవడం ఈ పెంపకంలో జరిగే పెద్ద పొరపాటు. డొరతీ ఐనాన్, మైకేల్ మోర్గాన్ 1977లో చూపిన ప్రకారం, సుమారు 25 నుంచి 45 రోజుల మధ్య ఒంటరిగా ఉంచిన ఎలుకల నడవడిలో ఆ తర్వాత తోడు దొరికినా పోని లోపాలు మిగిలాయి. అది కుస్తీలు పట్టే వయసు. మెడ మీద ఎంత నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఓడినవాడు ఎలా లొంగాలి అన్నవి ఆ కుస్తీల్లోనే నేర్చుకుంటాయి. అది నేర్వని ఎలుక భయంతో కరుస్తుంది.

పాలు మానగానే ఈడు పిల్లలతోనో, సాధువైన పెద్ద ఎలుకతోనో కలపాలి. ఐదు వారాలకు ఆడా మగా వేరు చేయాలి, ఆ వయసుకే చూలు కట్టగలవు. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య దూరం మగవాటికి ఎక్కువ, దాన్నిబట్టి ముందే గుర్తుపట్టవచ్చు. మనుషులతో ఆటలూ సాగించవచ్చు. జాక్ పాంక్‌సెప్ పరిశోధనల్లో చక్కిలిగింతలు పెట్టిన పిల్ల ఎలుకలు 50 కిలోహెర్ట్జ్ కిలకిలలు చేస్తూ, చక్కిలిగింతలు పెట్టిన చేతినే వెంబడించాయి. గూడు తప్పిన పిల్ల ఏడుపులాగే ఈ నవ్వూ మనకు వినబడదు.

అటక మీద దొరికిన పిల్లలు

తెలుగు ఇళ్లలో అటక దులిపినప్పుడో, పాత పెట్టె కదిపినప్పుడో బయటపడే పిల్లలు చాలావరకు గోధుమ ఎలుకలవి కావు. మన ఇళ్లలో ఎక్కువగా తిరిగేది నల్ల ఎలుక అని పిలిచే రాటస్ రాటస్. గాదెల దగ్గర, పొలం గట్ల మీద పందికొక్కులు ఉంటాయి. ఇంగ్లీషులోని ‘బ్యాండికూట్’ మన పందికొక్కు నుంచి పుట్టిన మాటే. మూతి పొడవుగా సాగి కంపు కొట్టే చుంచెలుక అసలు ఎలుక కుటుంబానిదే కాదు, అది పురుగులు తినే జీవి.

చేతుల మీద పెంచినంత మాత్రాన అడవి రక్తం సాధువు కాదు. నోవొసిబిర్స్క్‌లో ద్మిత్రి బెల్యాయేవ్ నడిపిన సంస్థలో 1972 నుంచి అడవి గోధుమ ఎలుకల్ని తరం తరం ఎంచి, సాధు వంశాన్నీ ఉగ్ర వంశాన్నీ వేరువేరుగా పెంచారు. మచ్చికతనం చాలావరకు వంశంలో వచ్చేదని ఆ ప్రయోగం నిరూపించింది. ఇంటి ఎలుక పిల్ల పసితనంలో చేతిలో నిద్రపోతుంది. యవ్వనం రాగానే బెదురుతుంది, దూకుతుంది, దాక్కుంటుంది. దాన్ని సాకదలచినవారు ఈ సంగతి ముందే తెలుసుకుని పూనుకోవాలి.

ఎలుకల ద్వారా మనుషులకు లెప్టోస్పైరోసిస్, ఎలుక కాటు జ్వరం, సాల్మొనెల్లా వంటివి సోకవచ్చు. 2017లో అమెరికాలో పెంపుడు గోధుమ ఎలుకల నుంచే సియోల్ వైరస్ మనుషులకు సోకింది. కాబట్టి ఇంట్లో పుట్టినవైనా, బయట దొరికినవైనా ముట్టుకున్నాక చేతులు కడగడం, వంటింటి గిన్నెలు వాటికి వాడకపోవడం, చంటిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉంచడం, కరిస్తే వైద్యుణ్ని కలవడం తప్పనిసరి.

పెద్దయ్యాక

పెంపుడు ఎలుక రెండు మూడేళ్లు బతుకుతుంది. పోతపాలతో పెరిగినవి మొదట్లో చిన్నగా ఉన్నా, చాలావరకు ఈడు ఎలుకల్లాగే తిరుగుతాయి. లోటు ఎక్కడైనా మిగిలితే అది వాటికి పిల్లలు పుట్టినప్పుడు బయటపడుతుంది. డబ్ల్యూ.జి. హాల్ 1975లో వివరించిన పద్ధతిలో, వెచ్చని నీటిలో తేలే గిన్నెల్లో ఉంచి గొట్టంతో పొట్టలోకే పాలు పంపి తల్లి లేకుండా ఎలుకల్ని పెంచవచ్చు. టొరంటోలో ఆలిసన్ ఫ్లెమింగ్ బృందం అలా పెంచిన ఆడ ఎలుకలను వాటి తల్లితనం దాకా గమనించి 2001లో ఫలితాలు ప్రకటించింది. అవి తమ పిల్లల్ని తక్కువగా నాకాయి. పసితనంలో రోజుకు ఎక్కువసార్లు కుంచెతో నిమిరించుకున్నవి మాత్రం, తల్లి దగ్గర పెరిగినవాటి అంత కాకపోయినా, మిగతావాటికంటే మెరుగ్గా పిల్లల్ని చూసుకున్నాయి. అర్ధరాత్రి రెండింటికి నిద్రమత్తులో, కడుపు నిండిన పిల్ల వీపు మీద తడి కుంచెతో ఇంకో పది సార్లు నిమిరితే, ఆ స్పర్శ ఇంకా పుట్టని పిల్లల దాకా చేరుతుంది.